నిన్నటి కాగితం

టీవీలో వాతావరణం చెప్పేవాళ్లను జనం రెండు సందర్భాల్లోనే తలుచుకుంటారు. చెప్పిన వాన పడనప్పుడొకసారి, చెప్పని వాన పడినప్పుడొకసారి. నేను ఏళ్ల తరబడి ఆ రెండు తిట్లూ తిన్నాను. మెహదీపట్నం బస్సులో కండక్టరు నన్ను చూడగానే, "ఏమ్మా, ఇయాల ఛత్రి తెచ్చుకోమంటవా, వద్దంటవా?" అని బస్సంతా వినబడేలా అడిగేవాడు. అందరూ నవ్వేవారు, నేనూ నవ్వేదాన్ని. ఆ ఉద్యోగంలో మబ్బులు చేసిన తప్పులు చాలా ఉన్నాయి. నేను తెలిసి చేసిన తప్పు ఒక్కటే. అది టీవీ ఇంకా మా పట్నానికి రాని రోజుల్లో, రేడియోలో చేశాను. దానికి నన్నెవరూ ఒక్క మాట అనలేదు. అన్న మాటలన్నీ మా బాపు పడ్డాడు.

బాపు చేవెళ్ల తాలూకా కచేరిలో చప్రాసీ. పెద్దసారు బల్ల తుడవడం, ఫైళ్లు మోయడం, తపాలా తేవడం ఆయన పని. వీటితో పాటు ఇంకో పని ఉండేది. కచేరి వెనక పెరట్లో తీగ కంచె మధ్య వాన కొలిచే సామాను పెట్టారు. పైన గరాటు, కింద సీసా, అంతే. రోజూ పొద్దున ఎనిమిదిన్నరకు సీసాలో నీళ్లు గాజు కొలపాత్రలోకి వంపి, ఎన్ని మిల్లీమీటర్లో చూసి, రిజిస్టరులో ఎక్కించి, తపాలా ఆఫీసుకు పోయి పట్నానికి తంతి కొట్టించాలి. రాతలో అది గుమాస్తా పని. గుమాస్తాకు పొద్దున లేవడం బద్ధకం కాబట్టి చేతలో అది బాపు పని అయింది. ఆయన దాన్ని ఎంత నెత్తిన పెట్టుకున్నాడంటే, జ్వరం వచ్చిన రోజు కూడా గొంగడి కప్పుకొని పోయి కొలిచి వచ్చాడు.

చిన్నప్పుడు నన్నూ వెంట తీసుకుపోయేవాడు. కొలపాత్రను కంచె రాయి మీద పెట్టి నా తల వంచేవాడు.

"కన్ను నీళ్లంత ఎత్తుకు దించాలె, బిడ్డా. మీదికెల్లి చూస్తే ఎక్కువ కనబడ్తది, కిందికెల్లి చూస్తే తక్కువ కనబడ్తది."

రిజిస్టరు రాయడంలో ఆయనకు ఒక పట్టుదల ఉండేది. వాన పడకపోతే సున్న పెట్టాలి. పోయి చూడకపోతే గీత పెట్టాలి. చూడకుండా సున్న పెట్టేవాణ్ణి దొంగకన్నా హీనం అనేవాడు. పక్క తాలూకాల్లో అందరూ సున్నలే పెడతారని ఎవరైనా అంటే ఆయనకు అన్నం సహించేది కాదు.

ఇంకో అలవాటు కూడా చెప్పాలి, ఈ కథకు అదే ముఖ్యం. వానలో కాగితం తడిసిపోతుందని, తపాలా ఆఫీసుకు పోయేటప్పుడు అంకెను ఎడమ అరచేతిలో రాసుకునేవాడు. నాలుకకు అద్దితే నీలంగా పడే పెన్సిలు అది. రెండు మూడు రోజులు ఎంత రుద్దినా పోదు. "దేవుడు రాసిన గీతలు సాలవని నువ్వు వానలు రాస్కుంటున్నవా?" అని అవ్వ, అంటే మా అమ్మ, ఎగతాళి చేసేది.

బాపుకు ప్రాణంలాంటి దోస్తు ఒకాయన ఉండేవాడు. అదే కచేరిలో ఇంకో చప్రాసీ, మాలాగే ఏసు గుడికి వచ్చే మనిషి. నేను కాక అని పిలిచేదాన్ని. ఇద్దరూ ఒక్క చాయ్ తెప్పించుకుని, బాపు కప్పులో, కాక సాసర్లో తాగేవారు. ఆదివారం గుడిలో ఒకే చాప మీద కూర్చునేవారు. పాట అందుకునేది కాక, రాగం తప్పేది బాపు.

నేను పట్నంలో చదువుకుంటుండగా రేడియోలో పల్లెటూరి కార్యక్రమానికి మనుషులు కావాలన్నారు. పక్కా ఉద్యోగం కాదు, పిలిచినప్పుడు పోయి చదివి రావాలి. నా చేత చదివించిన పెద్దమనిషి కళ్లు మూసుకుని విన్నాడు. "గొంతు బాగుంది. 'ఉన్నది' మానేసి 'ఉంది' అనడం నేర్చుకోవాలి" అన్నాడు. నేర్చుకున్నాను. వారం రోజులు హాస్టలు గదిలో గోడకు ఎదురుగా నిలబడి నా సొంత మాటను నేనే తోమి కడిగాను. అప్పటికి అక్కడ చదివేవాళ్లలో మా వైపు మనిషిని నేనొక్కదాన్నే.

చేవెళ్ల పంచాయతీ ఆఫీసు అరుగు మీద సాయంత్రం రేడియో పెట్టేవారు. ఊరంతా అక్కడ చేరేది. "పిల్ల మనదే గాని మాట మనది గాదు" అని ఆడవాళ్లు నవ్వుకునేవారట. బాపు మాత్రం నవ్వేవాడు కాదు. పొద్దున తన చేతిలో రాసుకున్న అంకె తంతి మీద పట్నం పోయి, సాయంత్రానికి నా నోట చేవెళ్లకు తిరిగి రావడం ఆయనకు పెద్ద వింత. నేను "చేవెళ్ల" అనగానే అరచెయ్యి తెరిచి చూసుకుని, "సరే ఉన్నది" అనేవాడట. నేను ఇంటికి పోతే ఆ ముచ్చటే చెప్పేవాడు, అంత సంబరం ఆయన ముఖంలో మళ్లీ నేను చూడలేదు.

అరవై తొమ్మిది వచ్చింది. కాలేజీలు మూతబడ్డాయి, మా ఏడాది చదువు మట్టిలో కలిసింది. మన కొలువులు మనకు కావాలని ఊళ్లకు ఊళ్లు లేచాయి. బస్సు ఏ రోజు నడుస్తుందో, ఏ మలుపులో అద్దాలు పగులుతాయో తెలిసేది కాదు. వానాకాలం మొదట్లో కచేరీల నౌకర్లు కూడా సమ్మెకు దిగారు. చేవెళ్లలో అందరూ బడి ముందు గుమిగూడి ప్రమాణం చేశారు. ఎవరూ కచేరి గడప తొక్కొద్దు, ఏ పనీ ముట్టొద్దు. మావాళ్ల కోసం కాక బైబిలు తెచ్చాడు.

"వాన కొలుసుడు గూడ బందేనా?" అని అడిగాడట బాపు.

"గది గూడ బందే. గదొక్కటి ఇడిసిపెడ్తే ఎట్ల?" అన్నాడట కాక.

బాపు కాసేపు నిలబడి, బైబిలు మీద చెయ్యి పెట్టాడు. ఆయనకు ఆ ఊళ్లో పొలం లేదు, పుట్ర లేదు. ఉన్నదల్లా మాట మీద నిలబడే మనిషి అన్న పేరు.

ఇదంతా నాకు అప్పుడు తెలియదు. సమ్మె మొదలైన రోజు సాయంత్రం నేను రేడియో స్టేషనుకు నడిచి పోయాను. దారిలో రెండు చోట్ల పోలీసులు ఆపారు. రోజూ నాలుగు గంటలకు వాతావరణం కాగితం పట్టుకుని సైకిలు మీద ఒక మనిషి వచ్చేవాడు. ఆ రోజు రాలేదు. ఫోను చేస్తే ఎవరూ ఎత్తలేదు.

"కాగితం లేకపోతే వద్దులేమ్మా, ఆ రెండు నిమిషాలు పాట వేస్తాను. నువ్వు వెళ్లిపో" అన్నాడు డ్యూటీ ఆఫీసరు. మంచి మనిషి. ఆయన మాట విని ఉంటే సరిపోయేది.

నా బుర్ర వేరేలా పని చేసింది. ఈ రోజు పాటతో సరిపోతే, రేపు కూడా పాటతోనే సరిపోతుంది. నేను లేకపోయినా లోటు లేదని తెలిసిపోతే నన్నెందుకు పిలుస్తారు? బల్ల మీద ఇనుప చువ్వకు పాత కాగితాలు గుచ్చి ఉన్నాయి. పైనున్నది నిన్నటిది. పీకి, తారీకు కొట్టేసి, ఆ రోజు తారీకు వేశాను. ఒక్క రాత్రిలో ఆకాశం ఏం మారిపోతుందిలే అనుకున్నాను. చువ్వ గుచ్చిన చిల్లు కాగితం మధ్యలో ఉంది, దాని మీద వేలు పెట్టి మైకు ముందు చదివాను. "ఈ ఉదయం ఎనిమిదిన్నర వరకు నమోదైన వర్షపాతం" అని మొదలుపెట్టి, ఊళ్ల పేర్లు చదువుతూ, "చేవెళ్ల, పద్నాలుగు మిల్లీమీటర్లు" అన్నాను. చేవెళ్ల అన్నప్పుడు నా గొంతు ఎప్పటిలాగే కొంచెం మురిసింది. ఆఫీసరు తలెత్తి నా వైపు చూశాడు, కాగితం ఎప్పుడొచ్చిందని మాత్రం అడగలేదు.

ఆరో రోజున గాని బస్సు దొరకలేదు. అది కూడా మొయినాబాద్ దాకే. అక్కడ దిగి ఒక హోటల్లో చాయ్ అడిగాను. గల్లా మీద కూర్చున్న సేటు ఎవరితోనో సమ్మె ముచ్చట్లు చెబుతున్నాడు.

"అందరొక్కతీరు ఉంటరా? చేవెళ్ల కచేరిల ఒక చప్రాసీ, బైబిలు మీద ఒట్టు వెట్టి, తెల్లారంగనే కంచె దుంకి వాన కొలిచి తంతి గొట్టిండట. దొంగ దొరికిండు ఎట్లనంటవ్? అదే సాయంత్రం రేడియోల చెప్పిన్రు, చేవెళ్లల గింత వాన అని."

చాయ్ గ్లాసు చేతిలో కాలుతున్నా కింద పెట్టడం తోచలేదు. ఆ రేడియోలో చెప్పింది నేనే అని అప్పుడు అక్కడ అనొచ్చు. అనలేదు. గ్లాసు బల్ల మీద పెట్టి రోడ్డెక్కాను. మిగిలిన దారి కొంత ఎద్దుబండి మీద, కొంత నడిచి, పొద్దు వాలేసరికి ఇల్లు చేరాను. దారి పొడుగునా ఒకటే లెక్క వేసుకున్నాను, ఇది నేను చదివిన కాగితం వల్ల కాకపోవడానికి ఎక్కడైనా సందు ఉందా అని. దొరకలేదు.

మా తలుపు గొళ్లానికి గాజులు కట్టి ఉన్నాయి. సమ్మె విడిచిన మగవాళ్ల ఇళ్లకు అప్పుడు గాజులు కట్టేవారు. అవ్వ వాకిట్లో బియ్యం చెరుగుతోంది.

"ఇప్పుతలేను. కట్టినోళ్లే వచ్చి ఇప్పాలె. నాకన్న కొలత సరిపోయేటియి తేలేదు, సన్నాసులు" అంది. ఆ మాటకు నవ్వు రావాలి. ఆమె కళ్లు ఉబ్బి ఉన్నాయి.

జరిగింది అవ్వే చెప్పింది. సమ్మె ముందు రోజు రాత్రి కూడా జల్లు పడింది కాబట్టి, రేడియోలో చేవెళ్ల పేరు వినగానే అరుగు మీది వాళ్లెవరికీ అనుమానం రాలేదు. ముందు రోజు కూడా నేను పద్నాలుగే చదివానని ఎవరికి గుర్తుంటుంది? అందరూ కలిసి ఇంటికొచ్చారు. కాక ముందు నడిచాడు. బాపు ఎడమ చెయ్యి పట్టుకుని తెరిచాడు. అరచేతిలో నీలంగా పద్నాలుగు. అంతకు ముందు రోజు రాసుకున్నది, ఇంకా చెరగలేదు.

"గిదేందిరా?" అన్నాడట కాక.

బాపు తన చేతి వంక చూసుకున్నాడు. ఆ క్షణంలోనే ఆయనకు అంతా అర్థమై ఉంటుంది. నోరు విప్పలేదు.

లోపలికి పోయాను. బాపు గోడకు ఆనుకుని కూర్చున్నాడు. ఎడమ చెయ్యి పిడికిలి బిగించి ఉంది.

"ఏ నాటి కాయిదం సదివినవ్, బిడ్డా?"

"నిన్నటిది. అంటే... అంతకు ముందు రోజుది."

"నేనట్లనే అనుకున్న."

"కాక దగ్గరికి పోయి చెప్త బాపు. ఇప్పుడే పోత."

"చెప్తే ఇయాల ఊరికెర్కైతది, రేపు పట్నానికెర్కైతది. నిన్ను ఉంచుతరా?" అన్నాడు. "మన కొలువుల కోసమే గద గీ లొల్లి అంత. ఆడ మన మనిషివి నువ్వొక్కదానివి. నువ్వు గూడ పోతే ఇగ దేనికి?"

నేనేం చేశాను? ఊరుకున్నాను. ఇన్నేళ్లలో ఆ మాటను ఎన్ని రకాలుగా తిప్పి చెప్పుకున్నా ఇంతకంటే మెరుగ్గా రాలేదు. బాపు వద్దన్నాడు కాబట్టి ఊరుకున్నానని మొదట్లో చెప్పుకునేదాన్ని. ఆయన వద్దంటాడని నాకు ముందే తెలుసు, నడిచి వచ్చిన దారంతా ఆ వద్దు కోసమే ఎదురు చూశాను. నాకు మైకు కావాలి. దానికోసం మా బాపును అమ్ముకున్నాను.

సమ్మె అయిపోయింది. కచేరి తలుపులు తెరిచారు. బాపు రిజిస్టరు తీసి, సమ్మె రోజులన్నిటికీ వరసగా గీతలు పెట్టాడు. ఆ గీతలే ఆయన సాక్ష్యం. గుమాస్తా చూడలేదు, చూసినా అవి బుకాయించడానికి పెట్టినవనే అనేవాడు. చాయ్ రెండు కప్పులైంది. గుడిలో కాక చాప మార్చాడు. పాట అందుకునేటప్పుడు కూడా ఇటు తిరిగేవాడు కాదు. బాపు పాడడం మానేశాడు. అంతకు ముందు ఊళ్లో పోట్లాటలొస్తే ఆయన్ను మధ్యవర్తిగా పిలిచేవారు, ఆ పిలుపులు ఆగిపోయాయి. గాజులు మాత్రం ఎవరూ విప్పలేదు. ఎండకు రంగు పోయి, ఒక్కొక్కటే పగిలి రాలాయి.

నాకు మంచే జరిగింది. రేడియోలో పక్కా అయ్యాను. తర్వాత టీవీ వచ్చింది, అందులోకి పిలిచారు. గోడకు రాష్ట్రం పటం, అట్టతో కత్తిరించిన సూర్యుడు, మబ్బు, మూడు చుక్కల వాన. వాటికి వెనక గుండుసూదులు. సూర్యుణ్ణి గుచ్చేటప్పుడు వెనక్కి తిరగొద్దని, చిరునవ్వు చెరగొద్దని నేర్పారు. మధ్యాహ్నం రికార్డు చేసి సాయంత్రం వేసేవారు. పెళ్లిళ్లలో నా పక్కన నిలబడి ఫోటోలు దిగేవారు. ఆ పటంలో చేవెళ్లకు చుక్క లేదు, అందుకు నేను లోలోపల సంతోషించేదాన్ని. వానల పట్టికలో ఆ పేరొస్తే, టైము లేదని సాకు చెప్పి దాటేసేదాన్ని. ఎవరూ పట్టించుకోలేదు.

నెలకోసారి ఇంటికి పోయేదాన్ని. బాపు నౌకరీ దిగిపోయాక కూడా వాకిట్లో మూతలేని సీసా, దానికో రేకు గరాటు పెట్టుకుని వాన కొలిచేవాడు, బడిపిల్లల నోటుబుక్కులో రాసేవాడు. టీవీ కొనిస్తానంటే వద్దన్నాడు. నేను పోయినప్పుడల్లా మంచి చెడ్డలు అడిగి, చివర్న ఒక మాట అడిగేవాడు.

"ఇయాల్టి కాయిదమే సదువుతున్నవా?"

"ఇయాల్టిదే బాపు."

తల ఊపేవాడు. కోపం లేదు, ఎత్తిపొడుపు లేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగేవాడు. తిట్టినా బాగుండేది.

ఆయన పోయిన కబురు చలికాలంలో ఒక మధ్యాహ్నం ఆఫీసు ఫోనుకు వచ్చింది. బ్యాగు తీసుకుని పరుగెత్తుతుంటే, ప్రోగ్రాం చూసే ఆయన వెనకనుంచి, "మరి ఈ రోజుదెలా?" అన్నాడు. నేను మెట్లు దిగుతూ, ఆలోచించకుండా అన్నాను, "నిన్నటి టేపు వేసెయ్యండి సార్, చలికాలం, ఏం మారదు." ఆ మాట నా నోట్లోంచి ఎంత తేలిగ్గా వచ్చిందో బస్సు మొయినాబాద్ దాటాక గాని నాకు తెలియలేదు.

బాపును ముందు గదిలో పడుకోబెట్టారు. సమాధి మర్నాడు పొద్దున. వచ్చినవాళ్లు తక్కువ. అవ్వ తరఫువాళ్లు, పాస్టరు గారు, ఇరుగు పొరుగు. సాయంత్రం కాక వచ్చాడు, చేతికర్ర పట్టుకుని. ఇన్నేళ్ల తర్వాత మా గడప దగ్గరికి రావడం అదే. లోపలికి రాలేదు. అరుగు మీద, నాకు కొంచెం ఎడంగా కూర్చున్నాడు. కాలం కాని కాలంలో తుంపర మొదలైంది. ఎదురింట్లో టీవీ ఆపడం మరిచిపోయారు, తలుపు బార్లా తెరిచి ఉంది.

వార్తలు అయిపోయాయి. నేను వచ్చాను. ఆకుపచ్చ చీర, చెరగని చిరునవ్వు. "రాష్ట్రమంతటా పొడి వాతావరణం ఉంది. ఎక్కడా వర్షం నమోదు కాలేదు" అంటూ పటం మీద సూర్యుణ్ణి గుచ్చాను. అరుగు చూరు నుంచి నీళ్లు కారుతున్నాయి.

కాక టీవీ వంక చూశాడు. నా వంక చూశాడు. మళ్లీ అటు చూశాడు.

"నువ్వు ఈడున్నవ్ గద."

"అది నిన్నటిది, కాకా."

"నిన్నటిది ఇయాల ఏస్తరా?"

"ఏస్తరు."

ఆయన చేతికర్ర కొస నేల మీద ఆడిస్తూ కూర్చున్నాడు. ఎదురింటి ఆమెకు అప్పుడు గుర్తొచ్చినట్టుంది, లేచి టీవీ ఆపింది.

"అప్పుడు గూడనా?" అన్నాడు.

ఇక నా నౌకరీకి ముప్పు లేదు, దాయమన్న మనిషీ లేడు. "అప్పుడు గూడ. కాయిదం రాలే. నేనే పాతది సదివిన. బాపు కంచె దాటలే."

"వానికెర్కేనా?"

"మీరు చెయ్యి తెరిచి చూసిననాడే ఎర్క."

కాక లేచి గడప దాకా వచ్చాడు. లోపల బాపు చేతులు గుండె మీద పెట్టి ఉన్నాయి. ఎడమ చెయ్యి పైన ఉంది. దాన్ని తాకబోయి, మానుకున్నాడు. నా వైపు తిరిగినప్పుడు ఆయన ముఖంలో నా మీద కోపం వెతికాను. అది ఉన్నా నాకు ఆసరాగా ఉండేది.

"గుమాస్తా సచ్చిపోయిండు. బడి ముంగట ఒట్టు వెట్టినోళ్లల్ల నేనొక్కణ్ణే మిగిలిన" అన్నాడు. "ఇగ నేనెవ్వలకు చెప్పాలె, బిడ్డా?"

ఆయన తుంపరలోనే వెళ్లిపోయాడు.

మర్నాడు పొద్దున సమాధి దగ్గర కాక పాట అందుకున్నాడు. రెండో చరణం దగ్గర ఆగిపోతే, పాస్టరు గారు పూర్తి చేశారు. అందరం మూడేసి పిడికిళ్ల మట్టి వేశాం. ఇంటికొచ్చేసరికి ఎనిమిదిన్నర దాటి చాలాసేపైంది. వాకిలి కడిగినవాళ్లు బాపు సీసాను ఖాళీ చేసి గోడవార బోర్లించారు. రాత్రి ఎంత వాన పడిందో ఇక ఎవరికీ తెలియదు. గూట్లోంచి నోటుబుక్కు తీసి, ఆ రోజు తారీకు వేసి, పక్కన గీత పెట్టాను.